పెట్టిన చట్టమే పోషించాలి
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం, అనంతపురం)



కట్టమంచి రామలింగారెడ్డి గారిని సాహిత్యం చదివినవాళ్లు ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడిగా గుర్తు పెట్టుకుంటారు. విశ్వవిద్యాలయాల వాళ్లు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, తొలి ఉపాధ్యక్షుడిగా (ఇవాళ్టి మాటలో ఉపకులపతిగా) తలచుకుంటారు. ఆయన శాసనసభ్యుడు కూడా అన్న సంగతి మాత్రం ఇలాంటి సభల్లో ఒక్క వాక్యంతో దాటిపోతుంది. 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం తెచ్చింది ఆయనే. తీర్మానానికి 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చాయి. తీర్మానం వీగిపోయింది కానీ, మంత్రుల్ని సభలో నిలబెట్టి సమాధానం చెప్పించే ఆనవాయితీ ఈ దేశంలో కుదురుకోవడానికి అలాంటి రోజులే కారణం. మరి మూడేళ్లకు, 1926లో, ఆ మనిషే విశ్వవిద్యాలయం పగ్గాలు పట్టాడు. సభలో ప్రశ్న వేయడమూ ఆయనకు తెలుసు, సభ ముందు చేయి చాచవలసి రావడమూ తెలుసు.

అందుకే ఈ ఉపన్యాసానికి సాహిత్య విషయం కాక శాసన విషయం ఎంచుకున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. విశ్వవిద్యాలయాన్ని పెట్టడానికి చట్టం కావాలని మనం ఎప్పుడో నేర్చుకున్నాం. దాన్ని పోషించడానికి కూడా చట్టమే కావాలని ఇంతవరకూ గట్టిగా అడగలేదు. రాయలసీమ చదువుల చరిత్రంతా ఈ రెండింటి మధ్య మిగిలిన ఖాళీలోనే ఉంది.

1926 నేర్పిన పాఠం

మద్రాసు రాష్ట్రంలో తెలుగువాళ్లకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతో పాటే పెరిగింది. ఏళ్ల తరబడి సభలు, తీర్మానాలు, విజ్ఞాపనలు నడిచాయి. పని జరిగింది మాత్రం అది బిల్లుగా మారిన తర్వాతే. విద్యామంత్రి ఎ.పి. పాత్రో హయాంలో బిల్లు మద్రాసు శాసనమండలిని దాటింది. 1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఆనాటి పాలన ఏర్పాటును ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో విద్య ప్రజలు ఎన్నుకున్న మంత్రి చేతిలో ఉండేది. ఖజానా గవర్నరు కౌన్సిలు చేతిలో ఉండేది. మంత్రి విశ్వవిద్యాలయం ఇవ్వగలడు గానీ దాని మెతుకుకు హామీ ఇవ్వలేడు. నూరేళ్లయింది, రాజ్యాంగం మారింది, రాజ్యం మారింది. ఇవాళ కూడా ఉన్నత విద్యాశాఖ రాసిన ఫైలు ఆర్థికశాఖలో కూర్చుంటే కదిలేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఆ ద్వంద్వం పేరు పోయింది, తీరు పోలేదు.

మరి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎలా నిలదొక్కుకుంది? సర్కారు గ్రాంటుతో పాటు దానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ అండ దొరికింది. ఆయన చేసిన సాయంలో నాకు ముఖ్యంగా కనిపించేది మొత్తం కాదు, పద్ధతి. ఒకసారి ఇచ్చి ఫోటో తీయించుకునే విరాళం కాదది. ఏటా లక్ష రూపాయలు అందేలా చేసిన ఏర్పాటు. ఏటా వస్తుందన్న ధీమా ఉంది కాబట్టే సైన్సు కళాశాల కట్టగలిగారు, ప్రయోగశాలలు పెట్టగలిగారు, దేశం నలుమూలల నుంచి ఆచార్యుల్ని పిలవగలిగారు. వచ్చే ఏడు జీతం ఉంటుందో లేదో తెలియని చోటికి మంచి ఆచార్యుడు రాడు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాడు.

ఆ వెలుగు సీమ దాకా రాలేదు. విశ్వవిద్యాలయం ప్రధాన స్థానం మొదట బెజవాడ అన్నారు. 1930లో విశాఖపట్నానికి చేరింది. అనంతపురం పేరు కూడా ఆ చర్చల్లో నలిగింది. ఇక్కడ 1916 నుంచీ దత్తమండలాల కళాశాల ఉంది. అందులో పాఠం చెప్పిన చిలుకూరి నారాయణరావు గారే 1928 నంద్యాల సభల్లో, దత్తమండలాలు అని పిలిచే ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు సూచించారు. ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలో, పని చేసింది ఇక్కడ. ఒక ప్రాంతం తనను తాను గుర్తుపట్టడానికి ఒక కళాశాల అధ్యాపకుడు ఎంత సాయం చేయగలడో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. అంత ఉండీ, విశ్వవిద్యాలయం మాత్రం మనకు దూరంగానే ఉండిపోయింది.

ఒప్పందానికి 44 ఏళ్లు, చట్టానికి ఏడాది

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. కోస్తా నాయకులతో పాటు మన కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివారు అక్కడ కూర్చుని మాట తీసుకున్నారు. నీటిపారుదలలో పదేళ్లపాటు సీమకు ప్రాధాన్యం, శాసనసభ స్థానాల్లో విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకోవడం, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి ఇటు. వీటన్నిటితో పాటు విశ్వవిద్యాలయానికి రెండు కేంద్రాలు ఉండాలి, ఒకటి వాల్తేరులో, రెండోది అనంతపురంలో అన్నది కూడా ఆ ఒడంబడికలో ఉంది. ఆకలి, కరువు, నీళ్లు గురించి మాట్లాడుకుంటున్న చోట చదువు గురించి కూడా రాయించుకున్నారంటే వాళ్ల ముందుచూపుకు దండం పెట్టాలి.

కానీ అది పెద్దమనుషుల ఒప్పందం. ఏ చట్టంలోనూ చేరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలుకు రాజధాని వచ్చింది. మరుసటి ఏడు ఆంధ్ర శాసనసభ చట్టంతో, తిరుమల తిరుపతి దేవస్థానం అండతో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అది సీమకు పెద్ద మేలు. ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామంది దాని పట్టాలతో బతికినవాళ్లమే. అనంతపురానికి మాత్రం 1968లో ఆ విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రం దక్కింది. 1976లో దానికి స్వయంప్రతిపత్తి వచ్చింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. అఫిలియేటెడ్ కాలేజీలు దాని కిందికి రావడానికి 1980ల చివరిదాకా ఆగవలసి వచ్చింది. శ్రీబాగ్ నుంచి లెక్కపెడితే మాటకూ పనికీ మధ్య 44 ఏళ్లు.

దీని పక్కన ఇంకొక సంగతి పెట్టి చూడండి. 1973 సెప్టెంబరులో, జై ఆంధ్ర ఉద్యమం తర్వాత, ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెడతామన్నారు. ఆ మాటను 32వ సవరణతో రాజ్యాంగంలోకి ఎక్కించారు. అదే 371-ఇ అధికరణం. పార్లమెంటు చట్టం చేసింది. 1974 అక్టోబరులో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది. పథకం వచ్చిన ఏడాదికే! ఇచ్చినవాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న ప్రశ్న ఇందులో లేదు. ఒక మాట గౌరవం మీద నిలబడింది, ఇంకొకటి రాజ్యాంగం మీద నిలబడింది.

అయితే చట్టంలో పేరు ఉంటే చాలునా? అది కూడా చాలదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 93వ సెక్షను ఆ షెడ్యూలులోని పనులన్నీ పదేళ్లలో చేయమంది. అనంతపురానికి ఆ విశ్వవిద్యాలయం 2018లో వచ్చింది, 2019లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంలో ఎక్కింది. మొదటి దశకు 450 కోట్ల రూపాయలు కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో శాశ్వత ప్రాంగణానికి నేల ఇచ్చారు. గడువు రాశారు గానీ, ఏ ఏడు ఎంత ఇవ్వాలో రాయలేదు. అందుకే తొలి బ్యాచ్‌లు సొంత గోడలు చూడకుండానే చదువు ముగించుకుని వెళ్లాయి.

చట్టంలో లేని పేజీ

ఇక మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల విషయం. విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాజ్యాంగం రాష్ట్ర జాబితాలోని 32వ అంశం కింద శాసనసభకు ఉంది. విద్య మొత్తంగా 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది. ప్రమాణాల నిర్ణయం కేంద్రానిది. అంటే పుట్టించే తల్లి శాసనసభే. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ వంటి విశ్వవిద్యాలయాలన్నీ ఇవాళ నడిచేది 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద. కులపతి ఎవరు, ఉపకులపతిని ఎలా నియమించాలి, పాలకమండలిలో ఎవరుండాలి, అధికారాలేమిటి అన్నవి అందులో వివరంగా ఉన్నాయి. ఏటా ఎంత గ్రాంటు ఇచ్చి తీరాలి, దాన్ని ఏ సూత్రం మీద లెక్కకట్టాలి అన్నది మాత్రం అందులో లేదు.

దాని ఫలితం మీకు నేను చెప్పనక్కర్లేదు. బ్లాకు గ్రాంటు బడ్జెట్టు పుస్తకంలో ఒక అంకె. విడుదల ఇంకొక అంకె. వచ్చిందాంట్లో సింహభాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది. పదవీ విరమణ చేసినవారి సంఖ్య పెరిగే కొద్దీ పనిచేసేవారికి మిగిలేది తగ్గుతుంది. శాశ్వత అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి. నోటిఫికేషను వస్తుంది, కోర్టులో కేసు పడుతుంది, ప్రభుత్వం మారుతుంది, మళ్లీ కొత్త కమిటీ. ఈలోగా పాఠం చెప్పేది అకడమిక్ కన్సల్టెంట్లు. ఆ పిల్లలు, వాళ్లను పిల్లలనడం కూడా ఇప్పుడు తప్పే, జుట్టు నెరుస్తున్నా ఏటేటా రెన్యువల్ కాగితం కోసం ఎదురు చూస్తుంటారు. పరిశోధన చేయమని ఏ ముఖంతో అడుగుతాం?

సీమలో ఇప్పుడు విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. తిరుపతి, అనంతపురం, కుప్పం, కడప, కర్నూలు, ప్రతిచోటా బోర్డు ఉంది. బోర్డుల మీద పేర్లు కూడా గొప్పవే: వేమన, కృష్ణదేవరాయలు. కట్ట పోసి, తూము పెట్టి, వంక నీళ్లు మాత్రం కలపకుండా వదిలేసిన చెరువు ఎలా ఉంటుందో సీమవాళ్లకు వేరే చెప్పాలా?

ఇంకొక మాట నిష్ఠూరమైనా చెప్పాలి. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య మొదలుకొని ఈనాటి దాకా ఈ ప్రాంతానికి ముఖ్యమంత్రుల కరువు ఏనాడూ లేదు. ఒక్కొక్కరి కాలంలో ఒక్కొక్క సంస్థ వచ్చింది, కాదనలేం. కానీ మనిషిని చూసి వచ్చిన మేలు మనిషితోనే పోతుంది. మన నాయకుడు కుర్చీలో ఉన్నంతకాలం చట్టం అడగడం ఎందుకులే అనుకున్నాం. ఆయన దిగాక అడగడానికి మన దగ్గర కాగితం లేదు.

బఫలో చేసిన పని

ఇలాంటి గొడవ మనకొక్కరికే కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం పడమటి కొసన బఫలో అనే నగరం ఉంది. మన ఊళ్ల నుంచి పైచదువులకు పోయే పిల్లలకు ఆ పేరు కొత్త కాదు. 1825లో ఈరీ కాలువ తెరిచాక ధాన్యం వర్తకంతో, తర్వాత ఉక్కుతో వెలిగిన నగరం అది. 1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం వచ్చాక ఓడలకు అక్కడ ఆగే పని తగ్గింది. 1980ల్లో పక్కనున్న లాకవానా ఉక్కు కొలుములు చల్లారాయి. 1950లో 5,80,132 ఉన్న జనాభా 2010 నాటికి 2,61,310కి పడిపోయింది.

అక్కడి విశ్వవిద్యాలయం 1846లో ప్రైవేటు సంస్థగా పుట్టి, 1962లో రాష్ట్ర వ్యవస్థలో కలిసింది. దాని కొత్త ప్రాంగణాన్ని నగరంలో కాక ఆమ్‌హెర్‌స్ట్ అనే శివారులో కట్టారు. నగరం నడిబొడ్డున కట్టి ఉంటే బాగుండేదన్న మాట అక్కడ దశాబ్దాలు వినిపించింది. చోటు గురించిన తగువు మన సొత్తు మాత్రమే కాదన్నమాట. 2004లో వాళ్లు 2020 నాటికి ఎలా ఎదగాలో ఒక ప్రణాళిక రాసుకున్నారు. అందులో విశ్వవిద్యాలయం ఎదుగుదలనూ నగరం పునరుద్ధరణనూ ఒకే పనిగా చూపించారు. వైద్య కళాశాలను నగరం మధ్యకు తెస్తాం, ఆసుపత్రుల పక్కనే పెడతాం, పరిశోధన వల్ల వచ్చే పనులు అక్కడే నిలబెడతాం అన్నారు. తర్వాత ఆ ప్రణాళికకు చట్టం అండ కావాలని శాసనసభ తలుపు తట్టారు. వ్యాపారులు, పూర్వ విద్యార్థులు, కార్మికులు కూడా వాళ్లతో కలిసి నడిచారు.

మొదటి బిల్లు ప్రధానంగా బఫలో పేరు మీదనే నడిచింది. సెనేటులో నెగ్గినా అసెంబ్లీ దగ్గర ఆగిపోయింది. ఒక ప్రాంగణానికి ఒక నీతి, ఇంకొకదానికి వేరొక నీతి ఎలా అన్నది అక్కడి అభ్యంతరం. 2011లో అదే ఆలోచన రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తించే చట్టంగా తిరిగి వచ్చింది, ఈసారి నెగ్గింది. అయిదేళ్లపాటు ఫీజు ఏటా ఎంత పెరుగుతుందో ముందే చెప్పారు. ఆ మేరకు ప్రభుత్వం తన గ్రాంటును తగ్గించుకోకూడదన్నారు. పేద విద్యార్థుల మీద పెంపు పడకుండా ఏర్పాటు చేశారు. 2017లో వైద్య కళాశాల నగరం మధ్యలో తలుపులు తెరిచింది.

ఇందులో మనం తీసుకోవలసినవి రెండు, వదిలేయవలసినది ఒకటి. మొదటిది, అయిదేళ్ల మాట చట్టంలో ఉండటం. రెండోది, మన ఒక్కరికే అని అడిగితే సభ కదలదు, మనలాంటివాళ్లందరినీ కలుపుకుని అడిగితే కదులుతుంది. వదిలేయవలసింది ఫీజుల పెంపు. అక్కడ భారంలో కొంత విద్యార్థి మోశాడు. శ్రీకృష్ణదేవరాయ హాస్టల్లో చదివే పిల్లల్లో ఇంటికి తొలి పట్టభద్రులయ్యేవాళ్లు ఎందరో! వాళ్ల నాన్నల శనక్కాయ పంట మీద ఆ బరువు వేయలేం.

చట్టం ద్వారా చదువునూ నేలనూ కలపడం అమెరికాలో ఇంకా పాత పద్ధతి. 1862 మోరిల్ చట్టం ఒక్కొక్క రాష్ట్రానికి, కాంగ్రెసులో దాని సభ్యుడొక్కరికి 30,000 ఎకరాల లెక్కన నేల ఇచ్చి వ్యవసాయ, యంత్రవిద్యా కళాశాలలు పెట్టమంది. 1887లో ప్రయోగ క్షేత్రాలకు, 1914లో రైతు దగ్గరికి వెళ్లే విస్తరణ సేవకు విడివిడిగా చట్టాలు చేసి ఏటేటా డబ్బు కట్టబెట్టారు. ఆ వరవడే 1964లో రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చింది. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు దానికి తోడు నిలిచారు. అంటే ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. సగం తెచ్చుకున్నాం. ఏటేటా డబ్బుకు చట్టమే హామీ అన్న మిగతా సగం తెచ్చుకోలేదు.

ఈ నేల అడుగుతున్న చదువు

డబ్బు అడిగేవాడు దేనికో చెప్పాలి. అనంతపురంలో సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదను చూసి పడదు. లక్షల ఎకరాల్లో వేరుశనగ ఒక్కటే నమ్ముకున్న జిల్లా ఇది. పక్కనే పండ్లతోటలు పెరిగాయి. ధర్మవరంలో పట్టుచీర, హిందూపురంలో పట్టుగూళ్ల బజారు ఉన్నాయి. రామగిరి కొండల మీద గాలిమరలు తిరగబట్టి చాలా కాలమైంది. కదిరి దగ్గర నంబులపూలకుంటలో భారీ సౌర విద్యుత్ పార్కు ఉంది. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి.

వీటిలో ప్రతిదాని వెనకా విశ్వవిద్యాలయం తీర్చగల ప్రశ్న ఒకటి ఉంది. వాన తప్పిన ఏడు శనక్కాయకు బదులు ఏ పైరు, ఏ వారం దాకా వేయవచ్చు? సౌర పలకల మీద దుమ్ము తుడవడానికి ఈ నీళ్లు లేని నేలలో నీళ్లెక్కడివి? పలకల కింద పశువులు మేయగలవా? మగ్గం నేతకు నకిలీ మరనేత నుంచి కాపు ఎలా? కార్ల కర్మాగారంలో పనికి పెనుకొండ పిల్లలు ఏం నేర్చుకుంటే సరిపోతారు? శ్రీకృష్ణదేవరాయలో సెరికల్చర్, గ్రామీణాభివృద్ధి విభాగాలున్నాయి. జేఎన్‌టీయూలో ఇంజనీరింగు ఉంది. ఆ కళాశాల వయసు స్వాతంత్ర్యం కన్నా ఒక ఏడాది ఎక్కువ. వైద్య కళాశాల ఉంది, రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయమూ వచ్చింది. ఒక్క ఆటోలో తిరిగేంత దూరంలో ఇన్ని ఉండి, ఒకరి ప్రయోగశాల ఇంకొకరికి తెరుచుకోదు.

కట్టమంచి వారు విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన ‘ముసలమ్మ మరణము’ కథ మన బుక్కరాయసముద్రం చెరువుదే. తెగబోతున్న కట్టను నిలపడానికి ఒక ఇల్లాలు ప్రాణమిచ్చింది. ఆ త్యాగానికి చేతులెత్తి మొక్కుతాం. కానీ ఏ కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో వానాకాలానికి ముందే చెప్పగల విద్య ఈ ఊళ్లో ఉండాలని, ఇంకే ముసలమ్మా ప్రాణమివ్వనక్కర్లేని రోజు రావాలని కోరడం కూడా ఆమెకు చేసే గౌరవమే. చెరువుల లెక్క, కట్టల పరీక్ష, పూడిక, వంకల దారులు: ఈ పని నాలుగు సంస్థలు కలిసి చేస్తే, శాసనసభ్యుడికి ఓటరు ముందు చూపించడానికి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది.

బిల్లులో ఏముండాలి

కాబట్టి 1991 చట్టానికి సవరణ రూపంలో మనం అడగవలసినవి అయిదు.

ఒకటి, బ్లాకు గ్రాంటును అయిదేళ్లకు ఒకేసారి నిర్ణయించాలి. వేతన సవరణ జరిగినప్పుడల్లా దానంతటదే పెరగాలి. ముందటేడు విడుదల చేసినదానికన్నా తగ్గించాలంటే ఆర్థికశాఖ ఫైలు మీద సంతకం సరిపోకూడదు. సభలో కారణం చెప్పి అనుమతి తీసుకోవాలి.

రెండు, పింఛన్ల భారాన్ని విశ్వవిద్యాలయం నుంచి తీసి ఖజానా మీద పెట్టాలి. నిన్న పాఠం చెప్పినవాడికి ఇవ్వవలసింది ఇవాళ్టి పాఠం మీద వేయడం అన్యాయం.

మూడు, మంజూరైన పోస్టు ఖాళీ అయితే నింపడానికి చట్టంలోనే గడువు ఉండాలి. గడువు దాటితే ఆ జీతం సొమ్ము ప్రభుత్వానికి మిగలకుండా విశ్వవిద్యాలయం నిధిలోనే జమ కావాలి. ఖాళీ ఉంచితే ఎవరికీ లాభం లేదనుకుంటేనే నియామకాలు జరుగుతాయి.

నాలుగు, ప్రాంతీయ సేవకు విడిగా ఒక పద్దు. ప్రయోగశాల నుంచి పొలానికి, మగ్గానికి, చెరువుకు వెళ్లే అధ్యాపకుడికి బండి, సహాయకుడు, పదోన్నతిలో గుర్తింపు. పరిశోధన పత్రం రాస్తేనే మార్కులన్నంతకాలం ఎవరూ రాప్తాడు పొలాల్లోకి దిగరు.

అయిదు, జవాబుదారీ. ఏటా విశ్వవిద్యాలయం తన పని గురించి నివేదిక ఇవ్వాలి. దాన్ని బల్ల మీద పెట్టి ఊరుకోకుండా సభ ఒక పూట చర్చించాలి. ఎన్ని పోస్టులు నింపారు, ఎందరు పిల్లలు మధ్యలో మానేశారు, పరీక్షా ఫలితాలు ఎప్పుడిచ్చారు, చేస్తామన్న ప్రాంతీయ పనిలో ఎంత చేశారు అన్నవి అందులో ఉండాలి.

అభ్యంతరాలు

డబ్బిచ్చిన సభ రేపు నియామకాల్లో వేలు పెట్టదా అన్న భయం ఉంది. ఆ భయం నిజమైనది. కట్టమంచి వారు 1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఉపాధ్యక్ష పదవిని వదిలేశారు. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. పదవి వదలగల మనిషి ఉంటేనే స్వయంప్రతిపత్తికి విలువ. కానీ ఈ బిల్లు స్వేచ్ఛను తగ్గించదు, పెంచుతుంది. ప్రతి మూడు నెలలకూ గ్రాంటు విడుదల కోసం సచివాలయం వరండాలో నిలబడే ఉపకులపతి ఎవరికీ కాదని చెప్పలేడు. అయిదేళ్ల హామీ చేతిలో ఉన్నవాడు చెప్పగలడు.

ఖజానాలో డబ్బు లేదన్న మాట ప్రతి ప్రభుత్వమూ చెప్పేదే. పోనీ, పెద్ద మొత్తం అడగవద్దు. ఇచ్చేది ఎంతైనా సరే, ముందుగా చెప్పి, చెప్పినంతా ఇవ్వమందాం. ఆ ఒక్క నిలకడ చాలు సగం రోగం తగ్గడానికి. పునర్వ్యవస్థీకరణ తర్వాత వెనకబడిన ఏడు జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున కేంద్రం నుంచి మూడేళ్లు వరసగా వచ్చిన సొమ్ము తర్వాత నిలకడగా రాలేదు. మూడేళ్ల ముచ్చటతో ఏ విభాగమూ నిలబడదు.

విశ్వవిద్యాలయాలు ముందు తమ ఇల్లు చక్కదిద్దుకోవాలి కదా అంటారు. అనాలి. పరీక్షలు సకాలంలో జరపని, కులాల వారీగా గుంపులు కట్టిన, అఫిలియేషను తనిఖీలను ఆదాయమార్గం చేసుకున్న సంస్థకు అడిగే నైతిక బలం ఉండదు. అందుకే అయిదో అంశాన్ని మనమే అడుగుదాం. వాళ్లు విధించేదాకా ఆగవద్దు.

లెక్క

చివరిగా రాజకీయ లెక్క. ఉమ్మడి అనంతపురం జిల్లాకు శాసనసభలో 14 స్థానాలు. 175 మంది ఉన్న సభలో అది చిన్న గొంతు. నాలుగు ఉమ్మడి సీమ జిల్లాలూ కలిస్తే 52. బఫలో నేర్చుకున్నది మనమూ నేర్చుకుంటే అక్కడ ఆగం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ఉమ్మడి జిల్లాల స్థానాలు 34. వెనకబాటులో, వలసల్లో వాళ్లూ మనమూ ఒక్కటే. శ్రీకాకుళంలోని విశ్వవిద్యాలయం బాధ మన బాధే. 52, 34 కలిపితే 86. సభలో మెజారిటీకి 88 కావాలి. ఇద్దరు తక్కువ! ప్రకాశం మెట్ట ప్రాంతాల సభ్యులు పలికితే ఆ ఇద్దరూ దొరుకుతారు. చిలుకూరి వారు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి సీమకు పేరు సూచించారు. కట్టమంచి వారు సీమ నుంచి వెళ్లి ఉత్తరాంధ్రలో విశ్వవిద్యాలయం నడిపారు. పాత బంధుత్వమే, కొత్తగా కలుపుకోవలసింది లేదు.

ఇందుకు ముందుగా పనిచేయవలసింది సభ్యులు కాదు, మనం. అయిదు విశ్వవిద్యాలయాల అధ్యాపక సంఘాలు కలిసి సవరణ ముసాయిదా రాయాలి. లా కాలేజీ విద్యార్థులు దాన్ని సెక్షన్ల వారీగా దిద్దాలి. వర్తక సంఘాలూ రైతు సంఘాలూ చేనేత సంఘాలూ తమకేం కావాలో అందులో ఒక్కొక్క పేజీ చేర్చాలి. బడ్జెట్టు సమావేశాలకు ముందే అది ప్రతి శాసనసభ్యుడి చేతికి వెళ్లాలి. పార్టీ ఏదైనా సరే, మన ఉమ్మడి జిల్లా 14 మందినీ ఒకే కాగితం మీద సంతకం అడుగుదాం. పెట్టినవారి పేర్లు ప్రచురిద్దాం. పెట్టనివారు మళ్లీ ఓటు కోసం మన వీధికి వచ్చినప్పుడు, కారణం అడుగుదాం.